యమున కట్టిన పొట్లాలు

“నోరు తియ్యి,” అంది యమున.

బాబీ తీశాడు.

“నాలిక సాపు.”

చాపాడు. నాలిక మీద సాంబారు మెతుకులు తప్ప ఇంకేమీ కనబడలేదు. అయినా యమున పెద్ద డాక్టరులా కళ్ళు చిట్లించి చూసి, తల పంకించింది.

“జొరమే. లోపలి జొరం.”

“లోపలి జొరమేటే? నాకు తలనొప్పి కదా!”

“లోపల జొరం ఉంటేనే తలనొప్పి వస్తాది. నీకు తెలుసా, నాకు తెలుసా?”

బాబీ నోరు మూసుకున్నాడు. ఈ విషయంలో యమునతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

బడి వరండాలో మధ్యాహ్న భోజనం జరుగుతోంది. ఐదో తరగతి పిల్లలు గోడవార వరసగా కూర్చున్నారు. యమున కంచం పక్కకి జరిపి, బ్యాగులోంచి జామెట్రీ బాక్సు తీసింది. కోణమానిని కింద చిన్న పాలిథిన్ పొట్లం ఉంది. అంచులు కరిగి, గట్టిగా అతుక్కుని ఉన్నాయి. లోపల నాలుగు తెల్లటి బిళ్ళలు.

పొట్లాన్ని పంటితో కొరికి, ఒక బిళ్ళ బాబీ అరచేతిలో పెట్టింది.

“నీళ్ళతో మింగీ. గంట కొట్టీలోగా తగ్గిపోతాది.”

బాబీ బిళ్ళ వైపు భక్తిగా చూశాడు.

సముద్రం ఒడ్డున వాళ్ళ వీధిలో అందరూ యమునని ‘డాట్రమ్మ’ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. వాళ్ళింట్లో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో బిస్కెట్లుండవు, వీధి మొత్తం బిళ్ళలుంటాయి. ఎవరికి జ్వరం తగ్గినా, మిగిలిన బిళ్ళలు తెచ్చి అందులో పడేస్తారు. ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా వచ్చి అందులోంచే తీసుకుంటారు. అట్టల మీద ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగేది యమున ఒక్కతే కాబట్టి, డబ్బా పెత్తనం ఆమెదే.

నిజం చెప్పాలంటే, యమున ఆ అక్షరాలు చదవడం ఎప్పుడో మానేసింది. తెల్లవి జ్వరానికి, ఎర్రవి నొప్పులకి, పసుపువి కడుపుకి. అంతే ఆమె వైద్యం.

వాళ్ళమ్మ నీలవేణి పొద్దున్నే చేపల గంప నెత్తికెత్తుకుని శ్రీకాకుళం వెళుతుంది. సాయంత్రం వచ్చి, గంప దించగానే ఒకటే మాట. “యమునా, నొప్పి బిళ్ళ ఇయ్యవే.” యమున ఎర్ర బిళ్ళ తీసిస్తుంది. రోజూ అంతే.

బాబీ గ్లాసు ఎత్తాడు. బిళ్ళ నోటిదాకా వచ్చింది.

“ఒసే యమునా!”

బడి గేటు దగ్గర నుంచి కేక. నానమ్మ బుల్లమ్మ. ఆయాసపడుతూ, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో బిస్కెట్ల డబ్బా పట్టుకుని వస్తోంది.

“నా సుగర్ బిళ్ళల అట్ట ఎక్కడెట్టినావే? ముద్ద దిగీముందు ఏసుకోవాల! డబ్బా అంతా దేవీసినాను. నేదు!”

“డబ్బాలోనే ఉన్నాది నానమ్మా. ఎడమ పక్కన.”

“ఎడమ పక్కనా నేదు, కుడి పక్కనా నేదు. సూడు! నా అట్ట లాటిది ఇదొక్కటే ఉన్నాది. జొరం బిళ్ళల అట్ట. ఒక్కటీ తియ్యనేదు, నిండుగా ఉన్నాది.”

యమున చేతిలోని పొట్లం వైపు చూసింది.

జ్వరం బిళ్ళల అట్ట నిండుగా ఉందా? ఎలా ఉంటుంది? నిన్న సాయంత్రం తనే కదా ఆ అట్టలోంచి బిళ్ళలన్నీ తీసి పొట్లాలు కట్టింది!

ఒక్క క్షణం. ఒకే ఒక్క క్షణంలో ఆమెకి అంతా అర్థమైపోయింది.

“మింగకు!”

యమున చెయ్యి బాబీ చేతిని ఫట్‌మని కొట్టింది. గ్లాసు దొర్లింది. బిళ్ళ ఎగిరి సాంబారులో పడింది.

“నా సాంబారు!” అని బాబీ గోల పెట్టాడు.

యమున వినడం లేదు. నిన్న కట్టినవి మూడు పొట్లాలు. ఒకటి ఇక్కడుంది. మిగిలిన రెండూ నాన్న వేటకి పట్టుకెళ్ళిన డబ్బాలో, నడి సముద్రంలో ఉన్నాయి.

* * *

సముద్రం మీద పొడిగా ఉండేది ఏదీ లేదు. అందుకే వేటకి వెళ్ళేవాళ్ళు అగ్గిపెట్టెని పాలిథిన్ కవరులో పెట్టి, మూతి మడిచి, కొవ్వొత్తి సెగకి చూపిస్తారు. కవరు కరిగి అతుక్కుంటుంది. అప్పుడు అల వచ్చి పడవని ముంచెత్తినా లోపలికి చుక్క దిగదు.

ఆ పని యమునకి వాళ్ళ నాన్న దేవేంద్ర నేర్పాడు. వేలు కాలకుండా, కవరు చిల్లు పడకుండా మూతి అతికించడంలో ఇప్పుడు నాన్న కంటే ఆమే నయం. నాన్న నీలం డబ్బాలోకి అగ్గిపెట్టె పొట్లం, బిళ్ళల పొట్లం కట్టివ్వడం ఆమె వంతు.

మొదట్లో బిళ్ళల్ని అట్టతోనే పెట్టి కట్టేది. అట్ట మూలలు వాడిగా ఉంటాయి. పడవ ఊగినప్పుడల్లా కవరుని గీరి చింపేసేవి. ఉప్పునీళ్ళు దిగి బిళ్ళలు సున్నంలా కరిగిపోయేవి. అందుకే యమున ఉపాయం కనిపెట్టింది. బిళ్ళల్ని అట్టలోంచి తీసేసి, ఉత్త బిళ్ళల్నే పొట్లం కట్టడం. వీధిలో అందరూ భేష్ అన్నారు. పోయిన ఏడాది నడి సముద్రంలో దేవేంద్రకి జ్వరం ముంచుకొచ్చినప్పుడు, ఆ పొట్లంలోని బిళ్ళే ఆయన్ని ఒడ్డుకి చేర్చింది.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో యమున డబ్బాలోకి చెయ్యి పెట్టింది. జ్వరం అట్ట ఎప్పుడూ కుడి పక్కన ఉంటుంది. కుడి పక్కన ఉన్న అట్టే తీసింది. వెండి రంగు అట్ట, తెల్ల బిళ్ళలు. పేరు చదవలేదు. చకచకా బిళ్ళలు నొక్కి తీసి, పొట్లాలు కట్టి, ఉత్త అట్ట పొయ్యిలో పడేసింది.

నిన్న మధ్యాహ్నమే నానమ్మ తన బిళ్ళ వేసుకుని, అట్టని కుడి పక్కన పెట్టిందని యమునకేం తెలుసు?

ఈ రోజు తెల్లారుజామున నాన్న వెళుతూ అన్న మాట ఇప్పుడు చెవిలో గింగురుమంటోంది.

“ఒళ్ళు కొంచెం ఎచ్చగున్నాది. అన్నం సయించట్నేదు. పరవానేదులే, నా డాట్రమ్మ పొట్లం ఉన్నాది కదా!”

* * *

“నానమ్మా, నాన్నకి... నాన్నకి నీ బిళ్ళలు కట్టీసినాను.”

బుల్లమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె ముఖం పాలిపోయింది.

యమునకి ఒక ఆలోచన వచ్చింది. నాన్న అసలు బిళ్ళ వేసుకోకపోవచ్చు. జ్వరం దానంతటదే తగ్గిపోయి ఉండొచ్చు. సాయంత్రం నాన్న రాగానే పొట్లాలు గుట్టుగా తీసేస్తే ఎవరికీ తెలీదు. డాట్రమ్మ పేరు పోదు. అమ్మ తిట్టదు.

ఆ ఆలోచన ఎంతో తియ్యగా ఉంది. కానీ అంతలోనే నాన్న ముఖం గుర్తొచ్చింది. పొట్లం డబ్బాలో వేసుకుంటూ నవ్విన ముఖం.

యమున లేచి పరిగెత్తింది. ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోలేదు.

బడి ఎదురుగానే ఊరి ఆరోగ్య కేంద్రం. అక్కడి నర్సు ఝాన్సీ మేడం అప్పుడే క్యారేజీ విప్పుతోంది. యమున పొట్లం ఆమె ముందు పెట్టి, ఒగర్చుకుంటూ చెప్పింది. వెనకే బాబీ, ఆ వెనక బుల్లమ్మ.

ఝాన్సీ పొట్లాన్ని వెలుతురుకి పట్టి చూసింది. బిళ్ళ మధ్యలో సన్నటి గీత. పోయిన వారం బుల్లమ్మకి తను ఇచ్చినవే.

“మీ నాన్నకి షుగర్ ఉందా?”

“నేదు.”

“పొద్దున ఏం తిన్నాడు?”

“ఏటీ తిన్నేదు మేడం. నోరు సేదుగా ఉన్నాదన్నాడు.”

ఝాన్సీ క్యారేజీ మూత పెట్టేసింది. ఆమె కంగారు పడలేదు. కానీ చేతులు చకచకా కదిలాయి. బీరువాలోంచి గ్లూకోజు ప్యాకెట్లు తీస్తూ మాట్లాడింది.

“మీ నానమ్మ ఒంట్లో చక్కెర ఎక్కువ. దాన్ని ఈ బిళ్ళ తగ్గిస్తుంది. మీ నాన్న ఒంట్లో చక్కెర ఉండాల్సినంతే ఉంది. పైగా ఖాళీ కడుపు. ఆయన ఇది వేసుకుంటే ఉన్నది కూడా పడిపోతుంది. చెమటలు పడతాయి, వణుకొస్తుంది, స్పృహ తప్పొచ్చు.”

“పడవ మీదా?” అన్నాడు బాబీ.

బుల్లమ్మ రొంటిన దోపుకున్న బటన్ ఫోను తీసింది. యమున నాన్న నంబరు నొక్కింది. కవరేజీ ఏరియాలో లేరంది. నాన్నతో పడవ మీదకి వెళ్ళిన గోవింద్ బాబాయ్ నంబరు నొక్కింది. అదే మాట. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే.

“ఒడ్డుకి పదండి,” అంది ఝాన్సీ.

* * *

ఒడ్డున నరసింగరావు తాత వల బాగు చేసుకుంటున్నాడు. ఆయన పడవ అప్పుడే వేట నుంచి వచ్చింది. కొడుకులు ఇంజను ఇంకా విప్పలేదు. బుల్లమ్మ రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. ముసలాయన వల కింద పడేసి లేచాడు.

“ఒరే, పడవ తొయ్యండ్రా! ఇంజను దించకండి!” అని కొడుకులకి కేకేసి, యమున వైపు తిరిగాడు. “ఎక్కడ వలేస్తామన్నాడే మీ నాన్న? సముద్రం సిన్నదేటి? ఎక్కడని ఎతుకుతాం?”

యమున కళ్ళు మూసుకుంది. నిన్న కొవ్వొత్తి దగ్గర నాన్న, గోవింద్ బాబాయ్ మాట్లాడుకున్నారు. ఏమన్నారు? ఏమన్నారు?

“మన వాటర్ ట్యాంకు ఎనకాల సెల్ టవర్ దాగిపోతాదంట. అలగ ఒకదానెనక ఒకటి కనబడే వరస మీద తిన్నగా లోపలికెల్లి, సరుగుడు తోట కనబడకుండా పోయే కాడ వలేస్తామన్నాడు.”

“శభాష్ గుంటా!” నరసింగరావు పడవ అంచు పట్టుకున్నాడు. “ఆ సోటు నాకు తెలుసు.”

“నానూ వస్తాను తాతా.”

“పడవలో ఒక మనిషిని పడుకోబెట్టి తేవాల. నువ్వు ఇక్కడుండి ఫోను సూసుకో.”

పది చేతులు పడవని నీళ్ళలోకి తోస్తుండగా, యమున చేతిలో ఫోను మోగింది.

గోవింద్ బాబాయ్!

“హలో! బాబాయ్!”

గాలి హోరు. ఇంజను మోత. మధ్యలో తెగిపోతూ గోవింద్ గొంతు.

“అమ్మయ్య, దొరికినావే డాట్రమ్మా! మీ నాన్నకి జొరమెక్కువైపోనాది. నీ పొట్లంలో బిళ్ళ ఒకటేసినాను. తగ్గనేదు సరికదా, సెమటలు కారిపోతన్నాయి, సేతులు గజగజలాడతన్నాయి. ఏటేటో మాటాడతన్నాడు. వల సగంలో వదిలీసి వచ్చీస్తన్నాం. ఇంకో బిళ్ళ ఎయ్యమంటావేటి? సేతిలోనే ఉన్నాది. బేగి సెప్పు, సిగ్నల్ పోతాది!”

ఒడ్డున అందరూ యమున వైపే చూస్తున్నారు. వీధి వీధంతా అక్కడే ఉంది. తన దగ్గర బిళ్ళలు తీసుకున్నవాళ్ళు, తనని డాట్రమ్మా అని పిలిచినవాళ్ళు.

యమున గట్టిగా, అందరికీ వినబడేలా అరిచింది.

“ఎయ్యొద్దు బాబాయ్! అది జొరం బిళ్ళ కాదు! నానమ్మ సుగర్ బిళ్ళ! నానే సూసుకోకుండా కట్టీసినాను! సముద్రంలో ఇసిరీ!”

ఝాన్సీ ఫోను వైపు వంగింది.

“గోవింద్, నేను నర్సు ఝాన్సీని. ఆయన మెలకువగా ఉన్నాడా? ఇచ్చింది మింగగలడా?”

“కూసుని ఉన్నాడు మేడం. మింగుతాడు.”

“తియ్యగా ఏముంది పడవలో?”

“ఫ్లాస్కులో టీ ఉన్నాది. మా ఆడది పంచదార దండిగా ఏస్తాది.”

“కొంచెం కొంచెంగా తాగించు. ఒకేసారి పొయ్యకు. తర్వాత అన్నం ఉంటే తినిపించు. కళ్ళు మూసుకుపోతుంటే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకు, పక్కకి తిప్పి పడుకోబెట్టు. నరసింగరావు గారి పడవ మీకు ఎదురొస్తోంది...”

ఫోను తెగిపోయింది.

నరసింగరావు గ్లూకోజు ప్యాకెట్లు చొక్కాలో దోపుకుని పడవెక్కాడు. ఇంజను గుర్రుమంది. పడవ ఒక అలని ఎక్కి, ఇంకో అలని చీల్చి, చుక్కలా చిన్నదైపోయింది.

ఝాన్సీ అంబులెన్సుకి ఫోను చేసింది. ఇక చెయ్యడానికి ఏమీ లేదు. ఎదురుచూడడమే.

ఆ ఎదురుచూపు మాత్రం ఎంతకీ తరగలేదు. యమున నీళ్ళ అంచున నిలబడి ఉంది. అలలు వచ్చి కాళ్ళ కింద ఇసుకని లాక్కుపోతున్నాయి. సాంబారు చెయ్యి ఎండిపోయింది.

బుల్లమ్మ వచ్చి మనవరాలి పక్కన నిలబడింది.

“నానమ్మా, నన్ను కొట్టవేటి?”

“ఎందుకే కొట్టడం? ఆ అట్ట కుడి పక్కనెట్టింది నాను కదా. నా కళ్ళకేటి ఆనుతాది?” బుల్లమ్మ చీర కొంగుతో యమున చెయ్యి తుడిచింది. “ఆ బిళ్ళల వల్లే నాను ఇయ్యాల నిలబడి ఉన్నాను. అదే బిళ్ళ నా కొడుకుని పడదోసినాది. ఏటో, నాకేటీ అర్తం కావట్నేదు.”

అప్పుడు బాబీ అరిచాడు.

“అదిగో! రెండు పడవలు!”

* * *

దేవేంద్రని ఇద్దరు పట్టుకుని దించారు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ముఖం పీక్కుపోయింది. కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. యమునని చూసి చెయ్యి కొంచెం ఎత్తి ఊపాడు.

ఝాన్సీ వేలి చివర సూదితో గుచ్చి, చిన్న మిషనులో రక్తం చుక్క చూసింది. ఊపిరి వదిలింది.

“తక్కువే ఉంది. కానీ టీ, గ్లూకోజు కాపాడాయి. ఈ బిళ్ళ పని ఇంకా అయిపోలేదు, మళ్ళీ పడిపోవచ్చు. పెద్దాసుపత్రిలో ఉంచి చూస్తారు.”

“ఇంకో బిళ్ళ ఏసుంటే?” అన్నాడు గోవింద్ నెమ్మదిగా.

రెండో బిళ్ళ పట్టుకున్న అరచెయ్యిని లుంగీకి గట్టిగా తుడుచుకున్నాడు.

అంబులెన్సు దేవేంద్రని, బుల్లమ్మని ఎక్కించుకుని శ్రీకాకుళం వైపు వెళ్ళిపోయింది. కబురు అందగానే నీలవేణి బజారులోనే గంప ఎవరికో అప్పజెప్పి, తిన్నగా ఆసుపత్రికి పరిగెత్తింది.

మర్నాడు సాయంత్రానికి నాన్న ఇంటికొచ్చాడు. నీరసంగా ఉన్నా నవ్వుతూనే ఉన్నాడు. జ్వరానికి డాక్టరు ఇచ్చిన మందు వేసుకున్నాడు. జ్వరమూ దిగింది.

యమున గుమ్మం పక్కనే నిలబడిపోయింది. లోపలికి రాలేదు.

“ఏటే, అక్కడే ఉండిపోనావు? రా ఇలాగ.”

వచ్చింది. తల ఎత్తలేదు.

“గోవింద్ సెప్పినాడు. ఒడ్డున అందరి ముందూ నిలబడి, తప్పు నాదేనని కేకేసినావంట.”

“ఉఁ.”

“ఆ కేక ఇనబడకపోతే వాడు రెండో బిళ్ళ కూడా నా నోట్లో ఎట్టీసును.” దేవేంద్ర కూతురి జుట్టు చెరిపాడు. “డబ్బా ఇచ్చింది మేం కదే. సిన్నగుంటకి అంత బరువు నెత్తినెట్టీసి, డాట్రమ్మా డాట్రమ్మా అని తిరిగినాం. మాకు బుద్దుండాల.”

యమునకి అంతవరకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నాన్న భుజంలో ముఖం దాచుకుని చాలాసేపు ఏడ్చింది.

* * *

మరుసటి రోజు బడి వదలగానే యమున బిస్కెట్ల డబ్బా పట్టుకుని ఝాన్సీ మేడం దగ్గరికి వెళ్ళింది. బాబీ తోడొచ్చాడు. ఇద్దరూ చాప మీద డబ్బా బోర్లించారు.

“ఓలమ్మో! ఇన్నేటే!” అన్నాడు బాబీ.

ఝాన్సీ ఒక్కొక్కటీ తీసి చూపించింది. పేరు, తేదీ ఉన్నవి ఒక పక్క. తేదీ దాటిపోయినవి ఒక పక్క. అట్ట కత్తిరించి ముక్కలు చేసినవి, ఊడిపోయిన ఉత్త బిళ్ళలు ఇంకో పక్క. ఆ మూడో గుట్ట అన్నిటికంటే పెద్దది.

“ఇవేటి మేడం?” అంది యమున.

“ఏమో. నాకూ తెలీదు. పేరు పోయాక ఎవరం చెప్పలేం.”

యమున ఆ గుట్ట వైపు చూస్తూ కూర్చుంది. ఆ ముక్కల్లో సగం తను కత్తిరించినవే. సుబ్బరంగా, సమానంగా పంచుదామని.

ఎర్ర బిళ్ళల అట్ట దొరికింది. యమున దాన్ని వేలితో జరిపింది.

“ఇవి మా అమ్మవి. నొప్పులకి.”

“ఎప్పుడు వేసుకుంటుంది?”

“రోజూ.”

“రోజూనా?” ఝాన్సీ చెయ్యి ఆగింది. “ఎన్నాళ్ళ నుంచి?”

“నాను మూడో తరగతిలో ఉన్నప్పటి నుంచీ.”

ఝాన్సీ ఆ అట్టని తీసి విడిగా పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. “ఎప్పుడో ఒకరోజు నొప్పి పట్టలేనప్పుడు వేసుకుంటే మంచి మందే ఇది. ఎవరూ చూడకుండా ఏళ్ళ తరబడి మింగితే కడుపుకి, కిడ్నీలకి మంచిది కాదు. మీ అమ్మకి ఆ నొప్పి ఎందుకొస్తోందో ఎవరైనా చూశారా?”

యమున తల అడ్డంగా ఊపింది. తనూ ఎప్పుడూ అడగలేదు. బిళ్ళ ఇచ్చింది, అంతే.

పేరు, తేదీ సరిగ్గా ఉన్న అట్టలు మాత్రమే డబ్బాలో వేసుకుని ఇంటికొచ్చాక ఆమె నాన్న నీలం డబ్బా సర్దడం మొదలుపెట్టింది. నాన్న వేటకి వెళ్ళడానికి ఇంకా వారం ఉంది. అయినా ఆగలేకపోయింది. అగ్గిపెట్టెకి మామూలుగానే పొట్లం కట్టింది. బిళ్ళలకి మాత్రం వెడల్పు మూతి ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసా తెచ్చింది. బయటి నుంచి చూస్తే లోపలిది కనబడే సీసా. ఝాన్సీ మేడం ఇచ్చిన జ్వరం బిళ్ళల అట్టని కత్తిరించకుండా, పేరు బయటికి కనబడేలా నిలబెట్టింది. మూత గట్టిగా బిగించి, బిందెలో ముంచి చూసింది. చుక్క దిగలేదు.

“పేరు సదువు నాన్నా.”

“నాకు ఇంగిలీసు రాదు కదే.”

“వస్తాది. నాను సెప్తాను. ముందీ అచ్చరం సూడు.”

దేవేంద్ర కళ్ళు చికిలించి సీసాని దీపానికి పట్టాడు. గోడవార నుంచి బుల్లమ్మ పకపకా నవ్వింది. ఆమె షుగర్ బిళ్ళల కొత్త అట్ట ఇప్పుడు ఆమె వక్కల సంచిలో, ఆమె నడుముకే ఉంది.

అప్పుడే గుమ్మంలో నీలవేణి గంప దించింది. గోడకి చేరబడి, కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకుంది.

“యమునా, నొప్పి బిళ్ళ ఇయ్యవే.”

యమున కదల్లేదు. లోపలికెళ్ళి ఎర్ర బిళ్ళ తెచ్చివ్వడం తేలిక. ఎప్పుడూ చేసే పనే. అమ్మ దాన్ని మింగి, లేచి, అన్నం వండుతుంది.

ఆమె వెళ్ళి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. మోకాలి మీద చెయ్యి వేసింది. అది వాచి, వేడిగా ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అక్కడ చెయ్యి వేసి చూడలేదని ఆమెకి అప్పుడు తెలిసింది.

“ఇక్కడేనా అమ్మా నొప్పి?”

నీలవేణి కళ్ళు తెరిచింది.

“ఇక్కడా, నడుంలోనూ. ఎందుకే?”

“ఎప్పట్నుంచి?”

“ఏటే నీ పోలీసు ప్రశ్నలు! బిళ్ళ ఇయ్యమంటే ఇయ్యక?”

“ఝాన్సీ మేడం ఇంకా ఎల్లనేదు. సెంటర్ తలుపు తీసే ఉన్నాది. లెగు.”

“ఇప్పుడా? వంటెవరు సేస్తారు?”

“నాను సేస్తాను,” అన్నాడు దేవేంద్ర లోపలి నుంచి.

“నువ్వా! అయితే ముందు కడుపు బిళ్ళ కూడా అడిగి తెచ్చుకోవాల,” అంది బుల్లమ్మ.

నీలవేణికి నవ్వాగలేదు. నవ్వుతూనే గోడ పట్టుకుని లేచింది. అలవాటుగా గంప కోసం వంగబోయింది. వచ్చేటప్పుడు దార్లో కుళాయి దగ్గర కడిగి తేవాలి కదా.

అప్పటికే గంప యమున నెత్తి మీద ఉంది.

“ఇది నాను మోస్తాను,” అంది యమున. “నువ్వు నా సెయ్యట్టుకో.”